బొమ్మ హారర్ సిరీస్ మూడో భాగం: డబ్బుల్లేకుండా బొమ్మను నడిపించేదెట్లా? ఏ సీక్వెల్స్ చూడాలి?

రాత్రి_ఆట:
మా షార్ట్ ఫిల్మ్ సిరీస్‌లో ఇది మూడో భాగం, నిడివి దాదాపు 20 నిమిషాలు. మొదటి రెండు భాగాల్లో బొమ్మ కుర్చీలో కూర్చుని తల తిప్పడం, కళ్లు మెరవడం వరకే. ఈసారి స్క్రిప్ట్ ప్రకారం అది హాల్లో నడవాలి, మంచం ఎక్కాలి, చేత్తో కత్తి పట్టాలి. బొమ్మ ఎత్తు 18 అంగుళాలు. తల, చేతులు వినైల్, ఒళ్లంతా గుడ్డలో దూది కూరినది. లొకేషన్ మియాపూర్‌లో టూ బీహెచ్‌కే ఫ్లాట్, నేలంతా తెల్ల విట్రిఫైడ్ టైల్స్. కెమెరా మిర్రర్‌లెస్ ఒకటి, లైట్లు రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు, మనుషులం నలుగురం. సీజీకి (కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి) పెట్టే స్తోమత లేదు.

ప్రాణమొచ్చిన కీలుబొమ్మలతో తీసిన పప్పెట్ మాస్టర్ హారర్ సినిమాల సిరీస్‌లో చివరి భాగాలు చాలా చౌకగా తీశారంటారు. వాటిని చూస్తే మాకు పనికొచ్చేది ఏమైనా ఉంటుందా, లేక మొదటి మూడూ చూసి ఆపేయొచ్చా? రెండోది, పై మూడు పనులకు ఏ పద్ధతి వాడాలి? పూర్తి స్టాప్ మోషనా (బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీయడం), కడ్డీలా, సర్వోలా (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు)?

పాత_క్యాసెట్:
చివరి భాగాలే చూడండి. మంచి సినిమాలని కాదు, డబ్బు అయిపోయినప్పుడు ముందుగా ఏది కోతకు గురవుతుందో వాటిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి.

1989 నాటి మొదటి భాగంలో బొమ్మల పని డేవిడ్ అలెన్‌ది. రెండో భాగానికి ఆయనే దర్శకుడు, టార్చ్ అనే బొమ్మ అందులోనే మొదటిసారి వస్తుంది. 1991లో వచ్చిన మూడో భాగం కథ 1941 బెర్లిన్‌లో జరుగుతుంది. ఆరు చేతుల సిక్స్ షూటర్ గోడ పాకే షాట్లు అందులోవే, స్టాప్ మోషన్. నాలుగు, ఐదు భాగాలను జెఫ్ బర్ ఒకదాని వెంట ఒకటి కలిపి తీసేశాడు, 1993లో ఒకటి, 1994లో ఒకటి విడుదలయ్యాయి. ఇంతవరకు బొమ్మ ఒళ్లంతా ఫ్రేములో ఉండి నడవడం చూస్తారు.

1998 నాటి కర్స్ ఆఫ్ ద పప్పెట్ మాస్టర్ దగ్గర తేడా వస్తుంది. కొత్తగా తీసిన బొమ్మ షాట్లలో చాలావరకు నడుము పైకే ఫ్రేము, కింద ఎవరో పట్టుకుని ఊపుతున్నారు. నడక కావాల్సిన చోట పాత భాగాల ముక్కలు అతికించారు. ఆ ముక్క వచ్చిన ప్రతిసారీ గ్రెయిన్, రంగు, లైటు దిశ మారిపోతాయి. 2003లో వచ్చిన లెగసీ అయితే మరీ, సినిమాలో ఎక్కువ భాగం పాత క్లిప్పులే, మధ్యలో ఇద్దరు మాట్లాడుకుంటుంటారు. మీరు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ప్రతి భాగంలో బొమ్మ పాదం నేలకు ఆనుతూ కనిపించే షాట్లు ఎన్నో లెక్క రాయండి. ఆ అంకె తగ్గేకొద్దీ సినిమా చప్పబడటం మీకే తెలుస్తుంది. కథ బాగోకపోవడం తర్వాతి సంగతి.

రెండు చోట్ల మాత్రం తెలివి కనబడుతుంది. 1999 నాటి రెట్రో పప్పెట్ మాస్టర్‌లో బొమ్మలన్నీ పాత మొరటు చెక్క రూపాలు. చెక్క బొమ్మ బిగుసుకుని కదిలితే ఎవరూ తప్పుపట్టరు, అంటే లోపాన్ని కథలోకి లాక్కున్నారు. 2010 నాటి యాక్సిస్ ఆఫ్ ఈవిల్ ఏమో, 1989 నాటి మొదటి భాగంలోని ఆరంభ దృశ్యాన్నే తీసుకుని, అదే సమయంలో అదే హోటల్లో ఉన్న ఇంకొకడి కథ మొదలుపెడుతుంది. అక్కడ పాత క్లిప్పు ముక్క కథకు అవసరం. లెగసీలో నిడివి నింపడానికి వాడారు. మీ మొదటి భాగం ఫుటేజ్ వాడే ఆలోచన ఉంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

వేరే సిరీస్ నుంచి ఒకటి కలుపుతాను: చకీ అనే హంతక బొమ్మ సిరీస్‌లో 2013 నాటి కర్స్ ఆఫ్ చకీ. మునుపటి భాగాల ఆర్భాటమంతా వదిలేసి ఒకే పాత ఇంట్లో నడుస్తుంది, చాలాసేపు బొమ్మ ఊరికే కూర్చునే ఉంటుంది. డబ్బు తక్కువైన సీక్వెల్ ఎట్లా రాయాలో దానికంటే మంచి పాఠం లేదు. ఇరవై నిమిషాల్లో మీ బొమ్మ నడవాల్సింది రెండుసార్లే. మూడోసారి నడిచిందంటే స్క్రిప్ట్ మళ్లీ చూసుకోండి.

ఇంకో చిన్న మాట. పప్పెట్ మాస్టర్ మొదటి భాగంలో, బొమ్మలకు ప్రాణం పోసే తులాన్ 1939లో చనిపోతాడు. మూడో భాగంలో 1941లో బతికే ఉంటాడు. అభిమానులు ఇప్పటికీ దాని మీదే కొట్టుకుంటారు. మీ మూడు భాగాల తేదీలు, బొమ్మ గౌను రంగు, ఏ చేతికి ఏ గాటు పడిందో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

కీలుబొమ్మ:
పద్ధతి గురించి చెప్తాను. 90 శాతం కడ్డీలు, ఒకే ఒక్క షాటుకు స్టాప్ మోషన్, సర్వో తలకు మాత్రమే. ఒకే పద్ధతితో మొత్తం లాగాలనుకుంటేనే ఇబ్బంది.

ముందు బొమ్మను విప్పండి. వీపు కుట్టు ఊడదీసి దూది సగం తీసేయండి. నడుము నుంచి మెడ దాకా 12 మి.మీ. గుండ్రటి చెక్క కర్ర వెన్నెముకగా పెట్టండి. నడుము దగ్గర దానికి అడ్డంగా 8 మి.మీ. ఇనుప కడ్డీ బిగించి, వీపు వెనక నుంచి ఒకటిన్నర అడుగు బయటకు రానివ్వండి. అదే పట్టుకునే పిడి. చేతులకు సైకిల్ స్పోకులు చాలు, 2 మి.మీ. మందం ఉంటాయి, మణికట్టు దగ్గర కొనను వంచి దారంతో గట్టిగా చుట్టాలి. స్పోకు మెరుస్తుంది కాబట్టి మ్యాట్ నలుపు స్ప్రే కొట్టాలి, వెనక గోడ తెల్లదైతే మ్యాట్ తెలుపు. ఒకరు నడుము పిడి, రెండో వారు రెండు చేతులు. ఇద్దరూ మానిటర్‌ను చూస్తూ ఆడించాలి, బొమ్మను చూస్తూ కాదు.

తేలిపోయినట్టు కనిపించడం అందరూ చేసే తప్పు. గుడ్డ కాళ్లకు బరువుండదు, గాల్లో ఊగుతాయి. ఒక్కో పాదంలో 30, 40 గ్రాముల ఇనుప నట్లు కుట్టేయండి, కాలు కిందికి వేలాడి నేలకు తగిలి ఆగుతుంది. ఒళ్లు ఒక్కో అడుక్కి సెంటీమీటరు, సెంటీమీటరున్నర కిందికి దిగి లేవాలి, బరువు పడిన కాలి వైపు కొంచెం ఒరగాలి. సెకనుకు రెండు అడుగులు. ఈ ఒరగడం లేకపోతే బొమ్మ నడిచినట్టుండదు, ఎవరో మోసుకెళ్తున్నట్టుంటుంది.

హాల్లో నడకను మూడుగా విడగొట్టండి. ఒకటి నడుము పైకి, కెమెరా నేల నుంచి 10 అంగుళాల ఎత్తులో, పైన చెప్పిన కడ్డీలతో. రెండోది పాదాలు మాత్రమే: బూట్లు విప్పి, వాటిలో చెరో రెండు వేళ్లు దూర్చి, చీలమండ పైన ఫ్రేము కోసేసి, మీ వేళ్లతోనే నడిపించండి. మోచేతి దాకా నల్ల తొడుగు. మూడోది ఒళ్లంతా కనిపించే షాటు, నాలుగు సెకన్లకు మించకుండా. స్టాప్ మోషన్ దీనికే.

మంచం ఎక్కడాన్ని చూపించకండి. దుప్పటి అంచుకు 0.4 మి.మీ. నైలాన్ దారం కట్టి కిందికి లాగండి, అది ఒక షాటు. మంచానికి, గోడకు మధ్య ఒకరు పడుకుని బొమ్మ చెయ్యి అంచు మీద పెట్టడం ఇంకో షాటు. తల మెల్లగా పైకి రావడం మూడోది. దూకే షాటు కావాలంటే మంచం మీంచి కిందికి పడేసి రివర్స్ చేయండి. అయితే ఫ్యాన్ ఆపేయాలి, కర్టెన్ కదలకూడదు, ఫ్రేములో మనిషి ఉండకూడదు. గౌను పైకి ఎగిరి ఉంటే రివర్స్‌లో దొరికిపోతుంది, కాబట్టి గౌను అంచును లోపల కాళ్లకు రెండు కుట్లేయండి.

కత్తి విషయంలో అసలు కత్తి వద్దేవద్దు. ప్రమాదం సరే, బరువుకు మణికట్టు వాలిపోతుంది. 3 మి.మీ. ఈవీఏ ఫోమ్ షీటు కోసి పైన అల్యూమినియం టేపు అంటించండి, పదిపదిహేను గ్రాములకు మించదు. వినైల్ వేళ్లు పట్టుకోలేవు కాబట్టి అరచేతికి రంధ్రం వేసి పిడిలోంచి 3 మి.మీ. బోల్టు దూర్చాలి. ఇక్కడ పప్పెట్ మాస్టర్‌లో పిన్‌హెడ్ అనే బొమ్మను గమనించండి. చిన్న తల, పెద్ద చేతులు, క్లోజప్‌లో ఆ చేతులు నిజం మనిషివే. మీ బొమ్మకు అంత పెద్ద చేతులు లేవు గానీ, నాయిక జుట్టు పట్టుకునే క్లోజప్ ఒకటి ఉంటే చిన్న చేతులున్న మనిషికి అదే గౌను చెయ్యి తొడిగి తీయొచ్చు.

ఆ టైల్స్ మీ అసలు శత్రువు. కడ్డీ, దాన్ని పట్టుకున్న మనిషి మోకాళ్లు రెండూ నేలలో కనిపిస్తాయి. లెన్సుకు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెడితే పోతుందనుకోకండి. నేలను దాదాపు 35 డిగ్రీల ఏటవాలున పైనుంచి చూస్తేనే అది బాగా పనిచేస్తుంది, కెమెరా నేలకు ఆనించి పెట్టినప్పుడు లాభం లేదు. జంఖానా పరచండి. కుదిరితే షాబాద్ బండలున్న పాత ఇల్లు వెతకండి, మెరుగు పెట్టని బండైతే ప్రతిబింబం బెడద దాదాపు ఉండదు. పైగా హారర్‌కు తెల్ల టైల్స్ ఇల్లు క్లినిక్‌లా కనిపిస్తుంది, ఏం చేసినా.

మణి_ఎడిట్స్:
ఇంత కష్టం ఎందుకు బ్రో, బొమ్మ ఫోటో ఇచ్చి ఏఐ వీడియోలో నడిపించేయండి.

కీలుబొమ్మ:
ఒక్క షాటుకైతే సరే. తర్వాతి షాటులో గౌను గుండీలు మూడు కాస్తా నాలుగవుతాయి, చెంప మీద గాటు అటుది ఇటు వస్తుంది. నాయిక చెయ్యి బొమ్మకు తగలాల్సిన షాటులో ఎట్లాగూ అసలు బొమ్మ కావాలి, పక్కపక్కన పెడితే రెండూ వేరు బొమ్మలని తెలిసిపోతుంది.

సర్వో_కోఠి:
తల సంగతి నేను చెప్త. కోఠి గుజరాతీ గల్లీల పార్టులన్నీ దొరుకుతయి, ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టి ఆగుడు అక్కర్లేదు.

మెడ అటిటు తిప్పేటందుకు ఎంజీ996ఆర్ ఒకటి, 55 గ్రాములుంటది, వినైల్ తలకు ఆ బలం చాలు. కండ్లకు ఎంజీ90ఎస్. ఎస్‌జీ90 చవక అని తీసుకోకున్రి. లోపలి గేర్ల పండ్లు ప్లాస్టిక్‌వి, ఎవరన్న తల చేత్తోని తిప్పితే లోపల అరిగిపోతయి, షూటింగ్ మధ్యల తల అడ్డం తిరిగి ఆగిపోతది. సైజు రెండిటిది ఒక్కటే, పైసల తేడా గూడ ఎక్కువుండది.

సర్వోలను నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో, దాని మీది 5 వోల్టుల పిన్నుకెళ్లి సర్వోకు కరెంటు ఇయ్యొద్దు. సర్వో బిగుసుకున్నప్పుడు కరెంటు గుంజుతది, బోర్డు వోల్టేజి పడిపోయి రీసెట్ అయితది, తల జర్క్ కొట్టి మొదటికొస్తది. ఐదు వోల్టుల 3 ఆంపుల అడాప్టర్ సపరేటు పెట్టున్రి, దాని గ్రౌండు, బోర్డు గ్రౌండు కలపాలె. కలపకుంటే సిగ్నల్ పిచ్చి పిచ్చిగ పోయి తల వణుకుతది. సర్వో పక్కన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ప్లస్ మైనస్ చూస్కొని.

కోడ్‌ల నేరుగ 60 డిగ్రీలు పొమ్మంటే సెకనుల పావు వంతు గూడ పట్టది, రోబో లెక్క తిరుగుతది. ఒక్కో డిగ్రీకి 40, 50 మిల్లీసెకన్లు ఆపుకుంట పంపున్రి, 60 డిగ్రీలకు రెండున్నర మూడు సెకన్లు పడతది, భయం అప్పుడొస్తది. మొదటి పది డిగ్రీలు, ఆఖరి పది డిగ్రీలు ఇంకా మెల్లగ. కండ్లు ముందుగాల తిరగాలె, తల తర్వాత. రెండు ఒక్కసారి తిరిగితే బొమ్మ చూస్తున్నట్టు అనిపియ్యది. తిరుగుడు అయిపోయినంక కోడ్‌ల డిటాచ్ చెయ్యున్రి (సర్వోకు సిగ్నల్ ఆపున్రి), లేకుంటే నిలబడ్డ కాడ గూడ గుర్రుమంటనే ఉంటది. ఆ చప్పుడు మైకుల పడతది, ఆ షాట్ల డైలాగ్ పెట్టొద్దు.

ముఖం కదలాలంటే మాత్రం సర్వోలతోని పెట్టుకోకున్రి. పప్పెట్ మాస్టర్‌ల జెస్టర్ బొమ్మ చూసిన్రు కదా, ముఖం మూడు అడ్డం ముక్కలు, నడుమ ఒక్కటే ఇరుసు. ముక్కలు తిరిగితే నవ్వుడు ఏడుపయితది. చర్మం లేదు, రబ్బరు లేదు, చినిగేది లేదు. గసొంటి ఉపాయాలు ఆలోచించాలె. దాని డిజైను మాత్రం కాపీ కొట్టకున్రి, మీది మీరు చేస్కోన్రి.

రాత్రి_ఆట:
చాలా థాంక్స్ అందరికీ. నడక రెండుసార్లకు తగ్గించాం, మంచం సీన్ మూడు షాట్లుగా రాశాం. నాలుగు సెకన్ల స్టాప్ మోషన్ షాటు ఒకటే మిగిలింది. మా బొమ్మ గుడ్డది, పోజులో నిలబడదు. వేరే బొమ్మ కొనాలా? లైటింగ్ ఫ్లికర్ రాకుండా ఏం చేయాలి?

ఇంకోటి, మొదటి భాగం ఫోన్‌తో 30 ఫ్రేముల్లో తీశాం, ఇప్పుడు 24. అందులో బొమ్మ కుర్చీలో కూర్చున్న క్లిప్పు ఒకటి ఫ్లాష్‌బ్యాక్‌గా వాడుకోవచ్చా?

కీలుబొమ్మ:
అదే మోడల్ బొమ్మలు ఇంకో రెండు తీసుకోండి. బేగంబజార్ హోల్‌సేల్ షాపుల్లో ఒకే అచ్చువి దొరుకుతాయి, కొనేటప్పుడు కనుబొమ్మల రంగు, జుట్టు పాపిడి పోల్చి చూసుకోండి. ఒకటి సర్వోలున్న క్లోజప్ బొమ్మ, ఒకటి కడ్డీలది, ఒకటి స్టాప్ మోషన్‌ది. విసిరేయడానికి, రక్తం పూయడానికి కడ్డీల బొమ్మనే వాడాలి, సర్వోల దాన్ని ముట్టుకోవద్దు.

స్టాప్ మోషన్ బొమ్మలో దూది అంతా తీసి తీగ అస్థిపంజరం పెట్టాలి. 3 మి.మీ. అల్యూమినియం తీగ రెండు పోగులు కలిపి మెలిపెట్టండి, ఒక కొన బల్లకు బిగించి రెండో కొన డ్రిల్లుకు పెడితే నిమిషంలో అయిపోతుంది. బైండింగ్ వైరు, జీఐ తీగ వాడితే వంచిన చోట నిలవదు, కొద్దిగా వెనక్కి లేస్తుంది, ఫ్రేము ఫ్రేముకూ ఒణుకు వస్తుంది. మోకాలు, మోచెయ్యి, తుంటి, భుజం తప్ప మిగతా తీగ అంతా ఎం-సీల్‌తో కప్పేయండి. అప్పుడు కీలు దగ్గరే వంగుతుంది, తొడ మధ్యలో వంగదు. అల్యూమినియం వంచీ వంచీ గట్టిపడి పుటుక్కున విరుగుతుంది, ఎక్కువగా మోకాలి దగ్గర. రెండు కాళ్లు అదనంగా చేసి పెట్టుకోండి, తుంటి దగ్గర స్క్రూతో మారేలా.

ఒక్కో పాదంలో ఎం4 (4 మి.మీ.) నట్టు ఒకటి పెట్టి ఎం-సీల్‌తో పొదగండి. నాలుగడుగులు మూడడుగుల ప్లైవుడ్, 12 మి.మీ. మందం, రెండు ఇటుకల ఎత్తు మీద కాకుండా కింద చెయ్యి పెట్టేంత ఎత్తులో, రెండు స్టూళ్ల మీద పెట్టండి. అడుగు పడే ప్రతి చోట రంధ్రం వేసి కింద నుంచి ఎం4 బోల్టు ఎక్కించి పాదాన్ని బిగించాలి. పైన జంఖానా పరిస్తే రంధ్రాలు కనపడవు. హాల్లో వేసిన జంఖానానే ఇక్కడా వేయాలి, లేకపోతే షాటు అతకదు.

సెకనుకు 12 పోజులు, ఒక్కో పోజు రెండు ఫ్రేములు. నాలుగు సెకన్లకు 48 పోజులు. అడుక్కి ఆరు పోజులు, అంటే ఎనిమిది అడుగులు. పోజుకు రెండు నిమిషాలు వేసుకున్నా గంటన్నర పైమాటే, మధ్యలో భోజనానికి లేవకూడదు. గౌను చెయ్యి తగిలిన ప్రతిసారీ మడత మారి, ప్లే చేస్తే బట్ట మరుగుతున్నట్టు కనిపిస్తుంది. గౌనుకు చిక్కటి గంజి పెట్టి ఆరనివ్వండి, అంచులో సన్న తీగ కుట్టండి. జుట్టుకు హెయిర్ స్ప్రే. ఆడించేవారు నల్ల బట్టలు వేసుకోవాలి, తెల్ల చొక్కా వేసుకుని అటూ ఇటూ జరిగితే దాని వెలుగు బొమ్మ మీద పడి మారుతుంటుంది.

ఫ్లికర్‌కు కారణాలు మూడు. ఒకటి కిటికీ: మబ్బు పట్టినా విడిచినా వెలుగు మారుతుంది, నల్ల గుడ్డతో పూర్తిగా మూసేయండి. రెండోది కరెంటు: ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వోల్టేజి పడితే మామూలు బల్బులు తగ్గుతాయి, ఆ గంటన్నర ఏసీ ఆపండి, ప్యానెళ్లు ఇన్వర్టర్ మీద పెట్టండి. మూడోది లెన్సు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎలక్ట్రానిక్ లెన్సు ప్రతి ఫోటోకు అపెర్చర్ మూసి తెరుస్తుంది, ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగదు. పాత మాన్యువల్ లెన్సు ఒకటి అడాప్టర్‌తో కృష్ణానగర్‌లో అద్దెకు తీసుకోండి, రింగు తిప్పి ఎఫ్8 దగ్గర వదిలేయండి. ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్, స్టెబిలైజేషన్ ఆఫ్. బొమ్మ లేని ఖాళీ ఫ్రేములు రెండు ముందే తీసి ఉంచుకోండి, ఏదైనా ఆసరా కడ్డీ తుడిచేయాల్సి వస్తే అవి కావాలి.

పాత_క్యాసెట్:
ఫ్లాష్‌బ్యాక్ క్లిప్పు వాడొచ్చు, బొమ్మ కదలదు కాబట్టి 30 నుంచి 24కు మారిస్తే వచ్చే కుదుపు పెద్దగా తెలియదు. కెమెరా పక్కకు తిరిగే క్లిప్పు అయితే వద్దు. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (నిలకడ) ఫ్రేమ్ రేటుకు మార్చి తర్వాతే టైమ్‌లైన్‌లో వేయండి, లేకపోతే శబ్దం జారిపోతుంది. రంగు కలపాలని తంటాలు పడొద్దు. నాయిక ఆ క్లిప్పును తన ఫోన్లో చూస్తున్నట్టు తీయండి. స్క్రీన్‌ను కెమెరాతో తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గర పెట్టి గీతలు వస్తున్నాయేమో చూసుకోండి. వస్తే స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి, గదిలో వెలుగు దానికి సరిపోయేలా సర్దండి.